క్యాంపు పెట్టాం, బీపీ చూశాం, పంపించేశాం... ఆఫ్రికా ప్రాజెక్టులో డబ్బు అసలు ఎక్కడ పెట్టాలి?

అబుజా_బాబాయ్
పశ్చిమ ఆఫ్రికాలో ఒక రాష్ట్రానికి బీపీ ప్రోగ్రాం డ్రాఫ్ట్ తయారవుతోంది. 40 ప్రైమరీ హెల్త్ సెంటర్లు, రెండేళ్ల గడువు. సగం పైగా డబ్బు 200 మిషన్లకీ, మార్కెట్లలో, చర్చిల దగ్గర, మసీదుల దగ్గర పెట్టే క్యాంపులకీ పోతోంది. మందులకి మాత్రం ఒక్కటే లైను: "ప్రభుత్వ సరఫరా నుంచి." నాకిది తలకిందులుగా కనబడుతోంది. పైవాళ్లేమో "ముందు జబ్బుందని తెలియాలి కదా, మందు సంగతి తర్వాత" అంటున్నారు.

పాన్ ఆఫ్రికన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2017లోనే రోడ్‌మ్యాప్ ఇచ్చింది. 2025 కల్లా ఖండం మొత్తం మీద బీపీ ఉన్నవాళ్లలో 25 శాతం మందికి అదుపులోకి రావాలని. ఆ ఏడాది కూడా వచ్చి వెళ్లిపోయింది, మనం ఇంకా బ్యానర్ సైజు దగ్గరే కొట్టుకుంటున్నాం.

మూడు అడుగుతున్నా. మందు ముందా, మిషన్ ముందా? ఏ మాత్రతో మొదలుపెట్టాలి? ఫలితం ఏ లెక్కలో చూపించాలి?

స్టాక్‌బుక్
తలకిందులుగా కనబడటం కాదు, తలకిందులే. క్యాంపులో బీపీ ఎక్కువుందని చెప్పి పంపిస్తారు. ఆ మనిషి పని మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని సెంటర్‌కి వెళ్తే "స్టాక్ లేదు, బయట కొనుక్కో" అంటారు. ఇంక రెండోసారి రాడు, వీధిలో ఇంకో పదిమందిని కూడా రానివ్వడు. మూడు నెలలకి సరిపడా మందు షెల్ఫులో కళ్లకి కనబడ్డాకే బ్యానర్ కట్టాలి.

నైరోబి_నర్స్
@స్టాక్‌బుక్ సగమే ఒప్పుకుంటా. మందు వచ్చేదాకా బీపీ చూడం అంటే ఎప్పటికీ చూడరు. అలాగని క్యాంపూ అక్కర్లేదు. జ్వరానికి, కట్టు కట్టించుకోవడానికి, పిల్లల టీకాలకి సెంటర్‌కి వచ్చే 30 దాటిన ప్రతివాళ్లకీ చీటీ రాసే బల్ల దగ్గరే బీపీ చూడండి. వాళ్లు ఆ గుమ్మం ఎక్కడం అలవాటైనవాళ్లు, మళ్లీ వస్తారు. క్యాంపులో దొరికినవాళ్లు ఏ ఊరివాళ్లో కూడా మీకు తెలియదు.

లుసాకా_లక్ష్మణ్
@నైరోబి_నర్స్ టీకాల బల్ల దగ్గర దొరికేది ఆడవాళ్లే కదండీ. 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్రపంచ లెక్క చూడండి: 30–79 ఏళ్ల వయసులో బీపీ ఉన్న ఆడవాళ్లలో 59 శాతం మందికి తమకి అది ఉందని తెలుసు, మగవాళ్లలో 49 శాతానికే తెలుసు. లారీ డ్రైవరు, మార్కెట్ హమాలీ సెంటర్ గుమ్మం ఎప్పుడు ఎక్కుతారు? వాళ్ల కోసం మోటార్ పార్కుల్లో (బస్సులు, లారీలు ఆగే స్టాండుల్లో) సాయంత్రం పూట బల్ల వెయ్యాల్సిందే.

నైరోబి_నర్స్
బల్ల వెయ్యండి, వద్దనను. కానీ బ్యానరూ టీషర్టూ కాకుండా కార్బన్ పెట్టిన చీటీ పుస్తకం పట్టుకెళ్లండి. పేరు, ఫోను, దగ్గర్లో తెలిసినవాళ్ల ఫోను, ఏ సెంటర్‌కి ఏ తారీఖున రావాలో రాసి ఒక కాపీ ఆయనకి, ఒక కాపీ ఆ సెంటర్‌కి. ఆ తారీఖుకి రాకపోతే సెంటర్‌వాళ్లే ఫోన్ చెయ్యాలి. ఈపాటి ఏర్పాటు లేని క్యాంపు ఫొటోలకే పనికొస్తుంది.

కఫ్_కామేశ్వరి
200 మిషన్లు 40 సెంటర్లకంటే సెంటర్‌కి ఐదు. ఎందుకన్ని? వాడకానికి రెండు, పాడైతే మార్చడానికి ఒకటి. 120 చాలు. మిగిలిన డబ్బు కఫ్‌ల (చేతికి చుట్టి గాలి నింపే పట్టీల) మీద పెట్టండి, ఎందుకంటే ముందు పోయేది కఫ్. వెల్క్రోలో దుమ్ము, నూలు పట్టి పట్టు వదులుతుంది, గాలి ఎక్కుతుంటే చిటచిటమని విడిపోతుంది. తర్వాత గొట్టం మిషన్‌కి గుచ్చే చోట సన్నగా పగులుతుంది. గాలి లీకై ఎర్రర్ చూపిస్తే "మిషన్ పోయింది" అని బీరువాలో పడేస్తారు. తీసి చూస్తే నూటికి తొంభై మార్లు మిషన్ శుభ్రంగా ఉంటుంది.

టెండర్‌లో రాయాల్సినవి:

మోడల్ స్ట్రైడ్ బీపీ లాంటి పరీక్షించిన మిషన్ల జాబితాలో ఉండాలి. "కంపెనీ సర్టిఫికెట్ ఉంది" అంటే కుదరదు, ఆ సర్టిఫికెట్ కరెంటు షాకు కొట్టదని మాత్రమే అయ్యుండొచ్చు.

ప్రతి మిషన్‌కి రెండు కఫ్‌లు: 22–32 సెం.మీ. చేతికి మీడియం, 32–42కి పెద్దది. రెండూ అదే కంపెనీవి, అదే మోడల్‌వి అవ్వాలి. మార్కెట్లో దొరికిన కఫ్ గొట్టానికి సరిపోయినంత మాత్రాన రీడింగ్ సరిపోదు.

బట్టల కొలతల టేపు ఒకటి, భుజం ఎముకకీ మోచేతికీ మధ్యలో చుట్టుకొలత తీసుకోవడానికి. చవకైనదే, జాబితాలో మాత్రం ఎవరూ రాయరు. 2023లో అమెరికాలో ఒక ట్రయల్ వచ్చింది, బాగా పెద్ద కఫ్ కావాల్సినవాళ్లకి మామూలు కఫ్ వేస్తే పైసంఖ్య దాదాపు 20 పాయింట్లు ఎక్కువ చూపించింది. అంటే 128 ఉన్నామె 148 అవుతుంది, జన్మంతా మాత్ర మింగుతుంది.

కరెంటు నమ్మకం లేని చోట పూర్తి ఆటోమేటిక్ కంటే, చేత్తో గాలి కొట్టి రీడింగ్ మిషనే చూపించే సెమీ ఆటోమేటిక్ మేలు. బ్యాటరీ తినేది మోటారే.

140బై90
మిషన్‌తో ఇచ్చే కఫ్ సన్నవాళ్లకి, బిల్లు మాత్రం లావువాళ్లకి.

లుసాకా_లక్ష్మణ్
@కఫ్_కామేశ్వరి పాదరసం మిషన్లు ఉన్నచోట ఉంచెయ్యొచ్చా? నర్సులు వాటినే నమ్ముతారు.

కఫ్_కామేశ్వరి
వద్దండి. పాదరసం మీద దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం ప్రకారం 2020 తర్వాత పాదరసం బీపీ మిషన్ల తయారీ, దిగుమతి, ఎగుమతి ఆగిపోవాలి. ఇప్పుడు పగిలితే మార్చుకోవడానికి గొట్టం కూడా దొరకదు, కింద పడ్డ పాదరసం ఎత్తే దిక్కూ ఉండదు. గుండ్రటి డయల్ మిషన్లు ఇంకా ప్రమాదం. ఒకసారి కింద పడితే ముల్లు 6 దగ్గరో 8 దగ్గరో ఆగుతుంది, ఎవరూ చూడరు, ప్రతి రీడింగ్‌లోనూ ఆ ఎనిమిదీ కలుస్తూనే ఉంటుంది.

నైరోబి_నర్స్
మిషన్ ఎంత మంచిదైనా బల్ల దగ్గర జరిగేది ఇది: మనిషి ఎండలో నడిచొచ్చి కూర్చోగానే కఫ్ చుట్టేస్తారు, స్వెటరు మీదే. గాలి ఎక్కుతుంటే "ఇంట్లో అందరూ బాగున్నారా, పిల్లలు బడికెళ్తున్నారా" అని అడుగుతారు, ఆయన జవాబు చెబుతాడు. కాలు మీద కాలు, వీపుకి ఆనింపు లేదు, చెయ్యి గాల్లో. ఇందులో ఒక్కొక్కటీ కొన్ని పాయింట్లు పెంచేదే, అన్నీ కలిస్తే మామూలు మనిషి రోగి అవుతాడు.

వీపుకి ఆనింపున్న కుర్చీ, గుండె ఎత్తుకి వచ్చే బల్ల, మూత్రానికి వెళ్లొచ్చాక 5 నిమిషాలు నోరు మూసుకుని కూర్చోబెట్టడం. అంతే. ఇసుక గడియారం ఒకటి బల్ల మీద పెడితే "ఇంకెంతసేపు" అని అడగరు.

140/90 పైన వస్తే నిమిషం ఆగి మళ్లీ చూడండి, ఇంకో రోజు పిలిచి మళ్లీ చూశాకే రిజిస్టర్‌లో ఎక్కించండి. 180/110 దాటితే మాత్రం ఇంకో రోజు అనకండి, ఆ పూటే డాక్టరు గానీ క్లినికల్ ఆఫీసరు గానీ చూడాలి. ఛాతీనొప్పో, మాట తడబాటో, చూపు మసకో ఉంటే బండి పిలవాలి.

అబుజా_బాబాయ్
5 నిమిషాలంటే రోజుకి 80 మంది వచ్చే చోట క్యూ గేటు దాటుతుంది కదా?

నైరోబి_నర్స్
ఐదు నిమిషాలు ఒక్కొక్కళ్లకీ విడివిడిగా కాదు. బల్ల పక్కన ఐదు కుర్చీలు వరసగా వేసి, ఒకరి తర్వాత ఒకరు జరుగుతూ రావాలి. చివరి కుర్చీకి చేరేసరికి ఐదు నిమిషాలు అయిపోయే ఉంటాయి. మంగలి షాపు పద్ధతే.

రిజిస్టర్_రాజ్యం
బీపీ సరిగ్గా చూస్తున్నారో లేదో తెలుసుకోవడానికి సెంటర్‌కి వెళ్లి నిలబడక్కర్లేదు, రిజిస్టర్ పేజీ ఒకటి ఫొటో తెప్పించుకోండి. పైసంఖ్య ఆఖరి అంకె చూడండి. డిజిటల్ మిషన్‌లో 0 నుంచి 9 దాకా ఏదైనా రావాలి, అంటే సున్నా పదింటిలో ఒకటి. పేజీ నిండా 120/80, 130/80, 140/90 ఉంటే మిషన్ పెట్టెలోంచి తియ్యలేదన్నమాట. పాదరసం, డయల్ మిషన్ల మీద గీతలు రెండేసి పాయింట్లకి ఉంటాయి కాబట్టి సున్నా ఐదింటిలో ఒకటి రావచ్చు, అంతకి మించితే గుండ్రంగా రాసేస్తున్నారు. అసలు బేసి అంకె ఉందంటే ఇంకా అనుమానించాలి, ఆ స్కేలు మీద బేసి గీతే లేదు.

ఇంకోటి, 138/88 వరసగా కనబడటం. కంట్రోల్ శాతం ఎక్కువొచ్చిన సెంటర్‌కి బహుమతి ప్రకటించిన మర్నాటి నుంచి ఇది మొదలవుతుంది.

140బై90
138/88 నా హ్యాండిల్‌కి తమ్ముడు.

ప్రోటోకాల్_పంతులు
రెండో ప్రశ్నకి వద్దాం. ఆఫ్రికాలోనే చేసిన మంచి ట్రయల్ ఉంది, క్రియోల్. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నైజీరియా, కెన్యా, ఉగాండా, కామెరూన్, మొజాంబిక్, దక్షిణాఫ్రికా, 728 మంది. రెండేసి బీపీ మందుల జంటలు మూడింటిని పోల్చారు. అమ్లోడిపిన్ + హైడ్రోక్లోరోథయాజైడ్, అమ్లోడిపిన్ + పెరిండోప్రిల్ రెండూ ఒకలాగే పనిచేశాయి. పెరిండోప్రిల్ + హైడ్రోక్లోరోథయాజైడ్ జంట 24 గంటల బీపీలో సుమారు 3 పాయింట్లు వెనకబడింది. అంటే జంటలో అమ్లోడిపిన్ ఉండాలి. మొదట 5 + 12.5 మి.గ్రా. ఇచ్చి, రెండు నెలలకి 10 + 25 చేశారు.

నర్సు నడిపే సెంటర్‌కి నేనైతే గోడ మీద నాలుగు లైన్లే రాయిస్తా. బీపీ 140/90 పైన ఖాయమైతే ఈ మాత్ర. నెలకి రా. తగ్గకపోతే ఇంత పెంచు. ఇంకా తగ్గకపోతే మూడో మందు, అప్పటికీ దిగకపోతే డాక్టరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 గైడ్‌లైన్ కూడా ఇదే చెప్పింది: రక్తపరీక్షల కోసం మందు ఆలస్యం చెయ్యొద్దు, శిక్షణ ఉన్న నర్సు ప్రోటోకాల్ ప్రకారం ఇవ్వొచ్చు, అదుపులోకి వచ్చేదాకా నెలనెలా, తర్వాత 3–6 నెలలకోసారి చూడొచ్చు.

డొడోమా_డాక్టర్
నాలుగు లైన్లకీ ఐదోది తగిలించండి: కాన్పు వయసు ఆడవాళ్లకి పేరు చివర "ప్రిల్", "సార్టన్" అని ఉండే మందులు ఇవ్వొద్దు, కడుపులో బిడ్డకి ప్రమాదం. అడిగి తెలుసుకుంటాం అంటారు, నిమిషానికొకరిని చూసే చోట అడగరు. పైగా నల్లజాతివాళ్లలో "ప్రిల్" మందులతో పెదాలు, నాలుక వాచే రియాక్షన్ మిగతావాళ్ల కంటే ఎక్కువ. రాత్రిపూట నాలుక వాచితే సెంటర్ తాళం వేసుంటుంది.

అమ్లోడిపిన్ 10తో పాదాలు వాస్తాయి, ముఖ్యంగా ఆడవాళ్లకి. చెప్పకుండా ఇస్తే "కిడ్నీ పోయింది" అనుకుని మానేస్తారు. చెప్పి ఇవ్వండి, వాస్తే 5కి దించి రెండో మందు కలపండి. వాపుకి ఫ్రూసెమైడ్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) రాసేవాళ్లు ఉన్నారు, అది ఆ వాపుని తియ్యదు.

లుసాకా_లక్ష్మణ్
@ప్రోటోకాల్_పంతులు మొదటిరోజే రెండు మందులంటే కొంచెం దూకుడు కాదా? 142/90 ఉన్న ముసలామెకి రెండు ఇస్తే పొద్దున్న లేచి కళ్లు తిరిగి పడదా? అమ్లోడిపిన్ 5 ఒక్కటే మొదలుపెట్టి ఎక్కితే పోలేదూ.

ప్రోటోకాల్_పంతులు
ముసలామెకి, బాగా బలహీనంగా ఉన్నవాళ్లకి ఒక్కటే ఇవ్వండి, నాకేం పేచీ లేదు. కానీ మెట్లెక్కే పద్ధతిలో ఎక్కేవాళ్లు తక్కువ. బీపీ 156 వచ్చినా "క్రితంసారి 170 కదా, పరవాలేదు, అదే వాడు" అని రాసేస్తారు. మూడు నెలలు, ఆరు నెలలు అదే మాత్ర. మొదట్లోనే చిన్న మోతాదులో రెండు కలిపితే ఆ బద్ధకానికి చోటుండదు. ఒకే మాత్రలో రెండు మందులున్న రకాలు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎసెన్షియల్ మందుల జాబితాలోకి ఎక్కాయి కూడా.

స్టాక్‌బుక్
జాబితాలోకి ఎక్కాయి, షెల్ఫులోకి ఎక్కలేదు. టెండర్‌లో జంటమాత్ర ఒక్కటే రాస్తే, ఓడ ఆలస్యమైతే రెండు మందులూ ఒకేసారి పోతాయి. జంటమాత్ర రాయండి, విడి అమ్లోడిపిన్ కూడా రెండు నెలలది పక్కన ఉంచండి.

ఇప్పుడు అసలు లెక్క. మందు ఎందుకు అయిపోతుందో అందరూ దొంగతనం అంటారు. చాలాసార్లు కూడికే తప్పు.

సెంటర్‌లో 1,000 మంది అనుకుందాం, అందరికీ అమ్లోడిపిన్ 5. నెలకి 30,000 మాత్రలు కావాలని ఇండెంట్ (సరుకు కోరే చీటీ) పెట్టారు. మూడో నెలకి 300 మందికి 10కి పెంచారు. 10 మాత్ర లేదు, రెండేసి 5లు ఇచ్చారు. 700 మందికి 21,000, 300 మందికి 18,000, మొత్తం 39,000 కావాలి. వచ్చింది 30,000. 23వ రోజుకి ఖాళీ. ప్రోటోకాల్ బాగా పాటించిన సెంటర్‌కే ముందు స్టాక్ అయిపోతుంది, అదీ తమాషా.

వచ్చే నెల ఏం చేస్తారు? భయపడి 30 రోజులకి బదులు 15 రోజులవే ఇస్తారు. రోగికి బస్సు చార్జీ రెండింతలు. సగం మంది ఆగిపోతారు. అప్పుడు వాడకం తగ్గినట్టు కనబడుతుంది, పైనుంచి ఇంకా తక్కువ పంపిస్తారు.

అందుకే వాడకం లెక్క కట్టేటప్పుడు స్టాక్ లేని రోజులు తీసెయ్యాలి. నెలలో 26,000 వాడారు, కానీ 10 రోజులు షెల్ఫు ఖాళీ. అంటే 20 రోజులకి 26,000, రోజుకి 1,300, నెలకి 39,000. ఇండెంట్‌లో రాయాల్సింది 39,000, 26,000 కాదు. దీని మీద కొత్తగా చేరేవాళ్ల లెక్క, సరుకు రావడానికి పట్టే నెలలు, ఇంకో మూడు నెలల నిల్వ. చేతిలో ఉన్నదీ దారిలో ఉన్నదీ తీసెయ్యి. ఈ పేజీ ఒకటి లామినేట్ చేసి ఫార్మసీ తలుపుకి అంటిస్తే ఒక క్యాంపుతో సమానం.

అబుజా_బాబాయ్
@స్టాక్‌బుక్ ఆ 23వ రోజు లెక్క అచ్చుగుద్దినట్టు రేపు మీటింగ్‌లో పెడుతున్నా.

పటాన్‌చెరు_ఫార్మా
మందు హైదరాబాద్ చుట్టుపక్కల నుంచే పోయే అవకాశం ఎక్కువ కాబట్టి ఒక మాట. నైజీరియాకి ఇండియా నుంచి వెళ్లే మందుకి ఓడ ఎక్కకముందే ఇక్కడ శాంపిల్ తీసి పరీక్ష చేయించి, వాళ్ల మందుల నియంత్రణ సంస్థ నాఫ్‌డాక్ అడిగే క్లీన్ రిపోర్టు తీసుకోవాలి. దానికి పట్టే రోజులు మీ గడువులో కలుపుకోండి. రిజిస్ట్రేషన్ లేని బ్రాండుకి ఆర్డరిచ్చి తర్వాత రిజిస్టర్ చేయిద్దాం అనుకుంటే మీ రెండేళ్లు అక్కడే అయిపోతాయి.

ప్యాకింగ్ చూడండి. వాతావరణం 30 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర చేసిన స్టెబిలిటీ రిపోర్టు (మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసిన పరీక్ష) అడగండి. టెల్మిసార్టన్‌కి తేమ పడదు, గాలిలోని తడి పీల్చుకుంటుంది. అందుకే రెండువైపులా అల్యూమినియం రేకున్న స్ట్రిప్‌లోనే ఉండాలి. టెల్మిసార్టన్ + అమ్లోడిపిన్ మాత్ర రెండు పొరలుగా రెండు రంగుల్లో కనబడేదీ ఇందుకే, టెల్మిసార్టన్ పొరలో క్షారం ఉంటుంది, అది అమ్లోడిపిన్‌కి పడదు, విడదీసి పెట్టాలి.

సెంటర్లలో ఏం చేస్తారంటే, నెలకి సరిపడా మాత్రలు స్ట్రిప్‌లోంచి ఒలిచి కాగితం పొట్లంలో కట్టిస్తారు. వానాకాలంలో పదో రోజుకి మాత్ర మెత్తబడి వేలికి అంటుకుంటుంది. రోగి నకిలీ మందు అనుకుంటాడు. స్ట్రిప్ కత్తిరించి ఇవ్వండి, ఒలవకండి.

డొడోమా_డాక్టర్
నకిలీ, నాసిరకం భయం ఊరికే పుట్టలేదు. 2017లో ఆఫ్రికాలో 10 దేశాల నుంచి 1,530 గుండె మందుల శాంపిల్స్ పరీక్షించి ప్రచురించారు. ఆరింటిలో ఒకటి సరైన నాణ్యతలో లేదు. అమ్లోడిపిన్‌లో అయితే 29 శాతం. బీపీ దిగని రోగికి మోతాదు పెంచేముందు మాత్ర ఎక్కడ కొన్నారో అడగాలి. బస్టాండు పక్కన బేసిన్‌లో పోసి అమ్మే మందుకి 10 ఇచ్చినా 20 ఇచ్చినా ఒకటే.

ఉప్పుపాతర
అందరూ మాత్రల మీదే పడ్డారు. దక్షిణాఫ్రికా 2013లో చట్టం చేసి 2016 జూన్ నుంచి బ్రెడ్డులో 100 గ్రాములకి 400 మి.గ్రా. సోడియం మించకూడదంది, 2019 జూన్ నుంచి 380. బ్రెడ్డు రోజూ తినే దేశంలో ఒక్క రోగినీ పిలవకుండా, ఒక్క కఫ్ చుట్టకుండా జరిగిన పని. పశ్చిమ ఆఫ్రికాలో బ్రెడ్డు కంటే కూరల్లో రుచికి వేసే ఉప్పటి సూప్ క్యూబులు పట్టుకోవాలి. రోగికి "ఉప్పు తగ్గించు" అంటే ఉప్పు డబ్బా దూరం పెట్టి క్యూబు ఇంకోటి వేస్తారు.

140బై90
మనవాళ్లు మాత్రం సూట్‌కేసులో ఆవకాయ జాడీ మోసుకొచ్చి పక్కింటివాళ్ల క్యూబు మీద ఉపన్యాసం ఇస్తారు.

ఉప్పుపాతర
జాడీ జోలికి రాకు.

ప్రోటోకాల్_పంతులు
@ఉప్పుపాతర బాబాయ్ ప్రాజెక్టుకి రెండేళ్లే. చట్టం పని చట్టం చేసేవాళ్లకి వదిలేద్దాం. పొటాషియం కలిపిన ఉప్పు గురించి అడుగుతారేమో, చైనా పల్లెల్లో 2021 ట్రయల్‌లో పక్షవాతం 14 శాతం తగ్గింది, మంచిదే. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లకీ, పొటాషియం పెంచే మందు వాడేవాళ్లకీ వద్దు. వాళ్లెవరో తెలుసుకునే రక్తపరీక్ష మీ 40 సెంటర్లలో ఎన్నిట్లో ఉంది?

అబుజా_బాబాయ్
నాలుగైదింట్లో, అదీ రియేజెంట్ (పరీక్షకి వాడే రసాయనం) ఉన్న నెలల్లో. ఉప్పు పక్కన పెడదాం. మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

రిజిస్టర్_రాజ్యం
ముట్టుకుంటున్నా, పొడుగవుతుంది.

ఒకే సెంటర్, మూడు శాతాలు. సెంటర్ కింద 50,000 జనం, కుర్ర జనాభా కాబట్టి 30 దాటినవాళ్లు 15,000 అనుకుందాం. వాళ్లలో మూడోవంతుకి బీపీ, 5,000. రిజిస్టర్ అయ్యి మూడు నెలలు దాటినవాళ్లు 1,000. ఈ మూడు నెలల్లో వచ్చినవాళ్లు 520. వాళ్లలో ఆఖరి రీడింగ్ 140/90 లోపు ఉన్నవాళ్లు 364.

వచ్చినవాళ్లలో చూస్తే 70 శాతం. ప్రెస్‌మీట్‌లో చెప్పేది ఇదే. రిజిస్టర్ అయినవాళ్లలో 36 శాతం. ఊళ్లో బీపీ ఉన్నవాళ్లందరిలో 7 శాతం. మూడూ నిజమే. పనికొచ్చేవి రెండోదీ మూడోదీ. రానివాళ్లని "అదుపులో లేరు" కిందే లెక్కెయ్యాలి, లేదంటే మందు మానేసినవాళ్లు ఎంతమంది ఎక్కువైతే మీ శాతం అంత బాగుంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 రిపోర్టులో ప్రపంచ సగటు చూడండి: బీపీ ఉన్నవాళ్లలో జబ్బు బయటపడింది 54 శాతానికి, మందు వాడుతున్నది 42, అదుపులో ఉన్నది 21. ఆఫ్రికా ఈ సగటు కంటే కింద ఉంది. క్యాంపు పెంచేది 54ని మాత్రమే. 42 నుంచి 21కి పడిపోయేది సెంటర్ లోపల జరుగుతోంది.

పై లెక్కలో రాని 480 మందిని పట్టుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. రోగి కార్డులు నెలలవారీ గూళ్లున్న చెక్కపెట్టెలో పెట్టండి. ఆగస్టులో రావాల్సినవాళ్ల కార్డులు ఆగస్టు గూట్లో. వచ్చినవాళ్ల కార్డు సెప్టెంబరు గూటికి మారుతుంది. నెలాఖరికి ఆగస్టు గూట్లో మిగిలిందే రానివాళ్ల జాబితా. వారానికోసారి ఫోన్లు, ఫోనుకి దొరకనివాళ్ల ఇంటికి ఊళ్లోని హెల్త్ వర్కర్. చనిపోయారా, ఊరు మారారా, వేరే చోట వాడుతున్నారా, కార్డు మీద రాయాలి. రీఛార్జి డబ్బు బడ్జెట్‌లో పెట్టండి, నర్సు సొంత ఫోన్‌లోంచి చెయ్యమంటే చెయ్యదు, చెయ్యక్కర్లేదు కూడా.

కరీంనగర్_ఎన్సీడీ
తెలంగాణలో ఇదే కాగితం పని ఫోన్ యాప్‌తో నడిచింది. ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ 2017 చివర మొదలైనప్పుడు మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ప్రోటోకాల్ ఒకటే, మందు నెలకి సరిపడా, రానివాళ్ల జాబితా యాప్‌లో పైనే కనబడుతుంది. "సింపుల్" అనే అదే యాప్ ఆఫ్రికాలో ఇథియోపియాలో కూడా వాడారు. స్క్రీన్ మీద ఒక రోగి వివరం ఎక్కించడానికి నిమిషం కూడా పట్టకూడదు, పడితే నర్సు సాయంత్రం ఇంటికెళ్లి గుర్తున్నది ఎక్కిస్తుంది.

స్టాక్‌బుక్
@కరీంనగర్_ఎన్సీడీ మోడల్ బాగుంది, కానీ అక్కడ మాత్ర ఉచితం, కొనేది రాష్ట్రం. బాబాయ్ సెంటర్లలో రోగి డబ్బు కట్టాలి. అక్కడ రివాల్వింగ్ ఫండ్ చూడాలి. 1987 బమాకో తీర్మానం నుంచి పశ్చిమ ఆఫ్రికాలో ఉన్న పద్ధతే: మొదటి సరుకు ప్రాజెక్టు ఇస్తుంది, అమ్మిన డబ్బుతో తర్వాతి సరుకు. అబుజా చుట్టూ 60 సెంటర్లలో నడిచిన నైజీరియా బీపీ ప్రోగ్రాంలో కూడా ఇలాంటి ఫండే పెట్టారు.

ఇది మునిగేది మూడు చోట్ల. బీపీ మాత్రల డబ్బుతో అత్యవసరమని మలేరియా మందు కొంటారు, తిరిగి రాదు. తెలిసినవాళ్లకి అప్పు. మూడోది ధర: 2023లో నైజీరియా కరెన్సీ నైరా విలువ పడిపోయింది కదా, పాత రేటుకే అమ్ముతూ పోతే వచ్చిన డబ్బుకి అన్ని మాత్రలు మళ్లీ రావు. ధర కొన్న రేటు మీద కాదు, మళ్లీ కొనబోయే రేటు మీద కట్టాలి. మూడు నెలలకోసారి మార్చాలి. బీపీకి విడిగా ఖాతా పుస్తకం పెట్టండి.

డొడోమా_డాక్టర్
హెచ్ఐవీ క్లినిక్కుల గోడ ఒకటి పగలగొడితే సగం కష్టం తీరుతుంది. కార్డు, ఫోను, రానివాళ్ల వేట, మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడం అన్నీ ఆ గదిలో ఏళ్లుగా నడుస్తున్నాయి. టాంజానియా, ఉగాండాల్లో 32 సెంటర్లలో హెచ్ఐవీ, షుగరు, బీపీ ఒకే క్లినిక్‌లో చూసి 2023లో లాన్సెట్‌లో రాశారు, హెచ్ఐవీ వైద్యం ఏమీ దెబ్బతినలేదు. దక్షిణాఫ్రికాలో 2014 నుంచి నిలకడగా ఉన్న రోగులు ఆస్పత్రి క్యూ లేకుండా దగ్గర్లోని ఫార్మసీ లాంటి చోటే మందు తీసుకుంటున్నారు, బీపీ వాళ్లు కూడా.

లుసాకా_లక్ష్మణ్
ఆ క్లినిక్ వరండాలో కనబడితే ఊళ్లో ఏమనుకుంటారోనని బీపీ వాళ్లు రారు.

డొడోమా_డాక్టర్
బోర్డు మార్చాలి. "దీర్ఘకాలిక జబ్బుల గది" అని రాసి ఒకే క్యూ పెడితే ఎవరు దేనికొచ్చారో తెలియదు, హెచ్ఐవీ వాళ్లకీ అది మేలే.

అబుజా_బాబాయ్
డ్రాఫ్ట్ ఇలా తిప్పి రాస్తున్నా, తప్పుంటే చెప్పండి. మిషన్లు 120, ప్రతిదానికీ మీడియం, పెద్ద కఫ్, మెషరింగ్ టేపు. మొదటి మూడు నెలలు 10 సెంటర్లే, క్యాంపు ఒక్కటీ లేదు, చీటీ బల్ల దగ్గర 30 దాటిన అందరికీ బీపీ. జంటమాత్ర అమ్లోడిపిన్ + హైడ్రోక్లోరోథయాజైడ్, పక్కన విడి అమ్లోడిపిన్. మందు రివాల్వింగ్ ఫండ్, విడి ఖాతా. చెక్కపెట్టె, రీఛార్జి డబ్బు. నాలుగో నెల స్టాక్ లెక్క చూసి మిగతా 30 సెంటర్లు. మోటార్ పార్క్ బల్లలు ఏడాది తర్వాత, మూడు నెలల మందు ఉన్న సెంటర్ల దగ్గర మాత్రమే. ఫలితం రిజిస్టర్ అయినవాళ్లందరి మీద.

రిజిస్టర్_రాజ్యం
36 శాతం చూపిస్తే పైవాళ్లు "పక్క ప్రాజెక్టుకి 70 వచ్చింది" అంటారు. మొదటి పేజీలోనే శాతం దేని మీద కట్టామో రాసెయ్యండి, తర్వాత రాస్తే సాకులా ఉంటుంది.

స్టాక్‌బుక్
10 సెంటర్లకి మొదటి సరుకు ఆర్డర్‌లో మూడో నెలకి మోతాదు పెరుగుతుందన్న లెక్క కలిపారా?

అబుజా_బాబాయ్
కలిపా. 23వ రోజు ఇంక మర్చిపోను.

కఫ్_కామేశ్వరి
విడి కఫ్‌లు ఎన్ని రాశారు? సెంటర్‌కి ఏడాదికి మీడియం రెండు, పెద్దది ఒకటి రాయండి, గొట్టం చివర ప్లాస్టిక్ ముక్క ఐదు. చేతులు లావుగా ఉన్నవాళ్లు ఎక్కువ వచ్చే సెంటర్‌లో ఆ రెండూ ఒకటీ తిరగేసి రాయండి. బ్యాటరీలు మాత్రం ఒకేసారి కొనకండి, గోదాములో ఏడాది ఉంటే కారి మిషన్ స్ప్రింగులు తినేస్తాయి.